మా రోజుల్లో సూర్యుడు తెల్లగా ఉండేవాడు

ఈ మధ్య ఏ కుర్రాడు తీసిన సూర్యుడి ఫొటో చూసినా నారింజ రంగులో మాగిపోయి ఉంటోంది. కొందరు బంగారం పూస్తారు, కొందరు కుంకుమ. ఒకాయన ఏకంగా నీలం చేశాడు. ఇదేమిటయ్యా అంటే "హైడ్రోజన్ ఆల్ఫా కదండీ" అంటారు. నాయనా, హైడ్రోజన్ ఆల్ఫా అంటే 656.28 నానోమీటర్ల దగ్గర ఒకే ఒక్క సన్నటి ఎర్రగీత. నీ కెమెరా నలుపు తెలుపుది, దానికి చిక్కింది బూడిద రంగు బొమ్మ. ఆ నారింజ నువ్వు ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని పోసింది. మేమూ నలుపు తెలుపులోనే తీశాం, అలాగే చూపించాం. సూర్యుడు పాలిపోయాడని ఎవరూ బెంగపెట్టుకోలేదు.

మా రోజులంటే డెబ్బైల చివర, ఎనభైల మొదలు. కాలేజీ ఫిజిక్సు ల్యాబులో ఒక టెలిస్కోపు ఉండేది, 60 మిల్లీమీటర్ల కటకం, 900 మిల్లీమీటర్ల నాభ్యంతరం. కెమెరా ఊళ్ళో స్టూడియో ఆయన్ని బతిమాలి తెచ్చుకున్నది. ఆ గొట్టం ఫిలిం మీద వేసే సూర్యబింబం ఎనిమిది మిల్లీమీటర్లు, శనగగింజంత. నాభ్యంతరాన్ని 110తో భాగించు, బింబం ఎంత పడుతుందో తెలుస్తుంది. ఆ లెక్క ఇప్పటికీ మారలేదు, దానికి యాప్ అక్కర్లేదు. ఆ శనగగింజలో మచ్చలు స్పష్టంగా పడాలి. బటన్ నొక్కగానే కెమెరాలో అద్దం టప్పున పైకి లేచేది, గొట్టమంతా వణికేది. రీలుకు 36 బొమ్మలు. ఏది బాగా పడిందో, ఏది వణికిందో రీలు కడిగితేగానీ తెలియదు. ఎర్రలైటు కింద ప్రింటు కాగితం మీద బింబం మెల్లగా తేలుతుంటే చూడటం ఒక భోగం. చేతులకంటిన హైపో వాసనకు మాత్రం ఇంట్లో ఆడవాళ్ళు విసుక్కునేవారు.

నిజం చెప్పాలంటే చాలా రోజులు ఫొటోయే లేదు. రీలు ఖరీదు అలాంటిది. ఐపీస్ వెనక తెల్లకాగితం పట్టి బింబాన్ని దాని మీద పడేసి, పెన్సిల్‌తో మచ్చలు గీసేవాళ్ళం. ఐపీస్‌కు బిగించే నల్లద్దాలు కొన్ని టెలిస్కోపులతో పాటే వచ్చేవి. వేడికి అవి పగిలితే కన్ను పోయినట్టే, అందుకని మా మాస్టారు వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇప్పుడు గొట్టం ముందు కట్టే ఫిల్ములు వచ్చాయి, లక్షలో ఒక వంతు వెలుగునే లోపలికి రానిస్తాయి. ఇది మంచి మార్పు, దీని మీద నాకు సణుగుడు లేదు.

కాగితం మీద గీసేటప్పుడు దిక్కు ఎలా తెలుస్తుంది? టెలిస్కోపును కదపకుండా వదిలేస్తే బింబం జరిగిపోతుంది. ఒక మచ్చ ఏ గీత వెంట జరుగుతుందో అది తూర్పు పడమరల గీత, జరిగేది పడమరకు. కింద తేదీ, గంట, నిమిషం, గాలి నిలకడ. ఇవి రాయకపోతే మాస్టారు కాగితం చించేసేవారు.

మా మేనల్లుడు చేసేది చూడండి. ల్యాప్‌టాప్‌కు గుప్పెడంత కెమెరా తగిలిస్తాడు. సెకనుకు వంద బొమ్మలు. రెండు వేలు తీసి, అందులో గాలి కాస్త ఊపిరి బిగపట్టిన క్షణాలవి ఓ రెండు వందలు సాఫ్ట్‌వేర్‌తో ఏరించి, ఒకదాని మీద ఒకటి పేర్పిస్తాడు. ఇది గొప్ప పనే, ఒప్పుకుంటాను. మాకు రీలు మొత్తానికి ఒక నిశ్చలమైన క్షణం దొరికితే పండగ. వీడికి అరనిమిషంలో వందలు దొరుకుతాయి. పేర్చిన కొద్దీ గరుకుతనం పోతుంది, నిజంగా ఉన్నది మిగులుతుంది. అక్కడితో ఆగితే నేను ఈ నాలుగు ముక్కలు రాసేవాణ్ణి కాదు.

ఆగడు. పదును పెడతాడు. చాలదని మళ్ళీ పెడతాడు. తర్వాత నలుపును తెలుపు, తెలుపును నలుపు చేస్తాడు. అలా చేస్తే బింబం గుండ్రంగా ఉబ్బినట్టు కనిపిస్తుందట. "సూర్యుడి మీద మచ్చ తెల్లగా ఉందేమిట్రా?" అంటే "స్టైలు మావయ్యా" అన్నాడు. చుట్టుపక్కల కంటే చల్లగా ఉంది కాబట్టి అది నల్లగా కనిపిస్తుందని బడిపిల్లలకు చెబుతాం. వీడి ఫొటో చూసిన పిల్లవాడు ఏం నేర్చుకోవాలి?

ఇప్పుడు దీనికి తోడు ఏఐ. 60 మిల్లీమీటర్ల టెలిస్కోపుతో తీసిన ఫొటోలో ఒకాయన సూర్యుడి ఉపరితలం మీద గింజ గింజా విడదీసి చూపించాడు. ఆ గింజలు ఒక్కొక్కటి సుమారు వెయ్యి కిలోమీటర్లు. అంత చిన్న కటకం ఎంత మంచి గాలిలోనైనా సూర్యుడి మీద 1,600 కిలోమీటర్ల లోపు వివరాన్ని విడదీయలేదు. మరి ఆ గింజలు ఎక్కడివి? కంప్యూటరు వేరే ఫొటోల్లో చూసినవాటిని తెచ్చి ఇక్కడ అచ్చు వేసింది. మా కాలంలో దీన్ని కాపీ కొట్టడం అనేవాళ్ళు.

గాలి సంగతి ఎవరికీ పట్టడం లేదు. పొద్దు పొడిచిన గంటా రెండు గంటలకు, డాబా ఇంకా కాగకముందు తీయాలి. మేము నేల మీద నీళ్ళు చల్లి, తడి గోనెలు పరిచి మొదలుపెట్టేవాళ్ళం. ఉదయపూర్‌లో సూర్యుడి అబ్జర్వేటరీని ఫతేసాగర్ చెరువు మధ్య లంకలో కట్టారంటే ఊరికే కాదు, నీటి మీద గాలి అంతగా ఉడకదని. మావాడు మే నెల గుంటూరు ఎండలో మిట్టమధ్యాహ్నం మేడెక్కుతాడు. బింబం అంచు సలసలా కాగుతుంటుంది. "సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది" అంటాడు.

గుంటూరు అన్నాను కాబట్టి ఒక మాట. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్సు నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ వచ్చి దిగింది ఈ ఊళ్ళోనే. సూర్యుడి అంచున లేచే జ్వాలలు అప్పటిదాకా గ్రహణమప్పుడే కనపడేవి. వర్ణపటంలో వాటి గీతలు అంత ప్రకాశంగా కనపడేసరికి గ్రహణం లేకపోయినా చూడొచ్చని ఆయనకు తట్టింది. మర్నాడే ఇక్కడే చూశాడు. ఇప్పుడు మావాడు కాఫీ తాగి మేడెక్కి హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టరు తిప్పితే అవే జ్వాలలు. నేను సంపూర్ణ గ్రహణంలో వాటిని చూసింది 1980 ఫిబ్రవరి 16న, నల్గొండ వైపు వెళ్ళి, రెండు నిమిషాల పైచిలుకు. ఊళ్ళన్నీ తలుపులేసుకుని, రోడ్లు బోసిపోయి, పళ్ళెంలో రోకళ్ళు నిలబెట్టుకుని కూర్చున్న రోజు. నీకు అసూయ మావయ్యా అంటాడు మావాడు. అసూయే. అంత సులువుగా దొరికినదాన్ని వాడు అరనిమిషం కూడా కంటితో చూడడు, వీడియో అయిపోగానే కిందికి దిగిపోతాడు.

వాణ్ణి ఒకటే అడిగాను. 2024 మేలో 13664 నంబరు మచ్చల గుంపు వచ్చింది కదా, గ్రహణం కళ్ళద్దాలతోనే కనపడేంత పెద్దది, దాని ఫొటో ఏ రోజు ఎన్ని గంటలకు తీశావు అని. ఫైలు వెతికాడు. పేరు "ఫైనల్ కొత్త 3". ఉత్తరం ఎటు? తెలియదు, అందం కోసం తిప్పేశాడట.

కొడైకెనాల్ అబ్జర్వేటరీలో 1904 నుంచి రోజూ సూర్యుణ్ణి ఫొటో తీస్తున్నారు. ఆ గాజు పలకల్ని ఈమధ్య కంప్యూటర్లోకి ఎక్కించి, వందేళ్ళ మచ్చల వైశాల్యాలు ఇప్పటికీ కొలుస్తున్నారు. వాటికి ఎవరూ రంగు పూయలేదు. తేదీ, సమయం ఉన్నాయి, దిక్కు తెలుసు. అందుకే పనికొస్తున్నాయి.

మీరు నారింజ పోసుకోండి, నీలం పోసుకోండి, నా మాట వినేవాళ్ళు ఎలాగూ లేరు. పోసేముందు మాత్రం పేర్చిన నలుపు తెలుపు ఫైలు ఒకటి విడిగా దాచండి. పేరులోనే తేదీ, గంట, నిమిషం రాయండి. ఉత్తరం పైకి ఉంచండి. ఏఐ వాడితే వాడానని కింద రాయండి.