నథింగ్ సార్!

ఇంటర్వ్యూలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న చివర్లో వస్తుంది. "మమ్మల్నేమైనా అడగాలా?" అంటారు. జావాలో ఇంటర్‌ఫేస్‌కీ అబ్‌స్ట్రాక్ట్ క్లాసుకీ తేడా గుక్క తిప్పుకోకుండా చెప్పిన కుర్రాడు ఇక్కడికొచ్చేసరికి నీళ్ళు నములుతాడు. "నథింగ్ సార్, థ్యాంక్యూ సార్" అంటూ లేచి, లాగాల్సిన తలుపుని తోస్తాడు.

వాణ్ణని ఏం లాభం? బయల్దేరేవాణ్ణి 'ఎక్కడికి' అని అడిగితే మనకి అపశకునం. క్లాసులో రెండోసారి డౌటడిగితే అతితెలివి. ఇంట్లో పెద్దాయన్ని అడిగితే ఎదురు ప్రశ్న. చదువంతా జవాబులు బట్టీ పట్టించి, ఉన్నట్టుండి "ఇప్పుడు నువ్వడుగు నాయనా" అంటే ఎక్కణ్ణించి తెస్తాడు? తెలంగాణలో గ్రూప్-1 రాసేవాళ్ళు నయం, 2022లో వాళ్ళకి ఇంటర్వ్యూలే ఎత్తేశారు.

కొందరు అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో, అడగాల్సిన ప్రశ్నని కూడా బట్టీ కొట్టి వస్తారు. "మీ కంపెనీలో ఎదుగుదలకి అవకాశాలెలా ఉంటాయి సార్?" ఏళ్ళ తరబడి ఒకే కుర్చీలో కూర్చున్న నాలాంటి ప్యానెల్ మెంబరుకి అది ఎక్కడ గుచ్చుకుంటుందో వాళ్ళకేం తెలుసు!

మొన్నామధ్య ఒకమ్మాయి వచ్చింది. "ఈ సీట్లో ఇదివరకు పనిచేసినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారండీ?" అంది, ఎంతో మర్యాదగా. మేనేజరు హెచ్చార్ మేడం వైపు చూశాడు. మేడం నీళ్ళసీసా మూత తీసింది, తాగకుండానే మళ్ళీ పెట్టేసింది. నేను ఆ అమ్మాయి ఇంటర్ మార్కులు శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను. విషయమేమిటంటే, ఆ సీట్లో ఉన్నతను ఇదే మేనేజరుతో పడలేక బెంగళూరు వెళ్ళిపోయాడు. అతనికి ముందున్నాయనా అంతే. "బెటర్ ఆపర్చునిటీ అమ్మా" అన్నాడు చివరికి మేనేజరు. ఆ అమ్మాయి బుద్ధిగా రాసుకుంది. ఆఫర్ లెటర్ పంపాం. చేరలేదు.

నా దృష్టిలో అడగాల్సిన ప్రశ్నల్లో అదే మొదటిది. జవాబు కంటే ముందు మా మొహాలు చూడండి, సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

రెండోది డబ్బు. దీని దగ్గర మనకి మహా మొహమాటం. ఆటోవాడితో పది రూపాయలకి పావుగంట వాదించే మనిషి జీతం దగ్గర "మీ ఇష్టం సార్" అంటాడు. మా ఇష్టం ఎలా ఉంటుందో చెప్తాను వినండి. ప్రావిడెంట్ ఫండ్‌కి బేసిక్‌లో 12 శాతం మీరు కడతారు. కంపెనీ కట్టాల్సిన వాటా ఒకటుంటుంది కదా, చాలాచోట్ల దాన్ని కూడా మీ ప్యాకేజీలోనే కలిపి చూపిస్తారు. గ్రాట్యుటీ పేరిట బేసిక్‌లో మరో 4.81 శాతం. పర్మినెంటు ఉద్యోగికి మామూలుగా ఐదేళ్ళు నిండితేగానీ అది చేతికి రాదు, మన కుర్రాడేమో రెండేళ్ళకే ఇంకో కంపెనీలో ఉంటాడు. 6 లక్షల ప్యాకేజీ అని ఊరంతా స్వీట్లు పంచాక, మొదటి నెల పేస్లిప్ చూసి వాళ్ళ నాన్న అడుగుతాడు, "పన్నెండుతో భాగిస్తే యాభై వేలు రావాలి కదరా, మిగతాదేదీ?" అని. ప్యానెల్లో ఆయన్ని కూర్చోబెట్టాల్సింది.

కాబట్టి "నెలకి చేతికెంతొస్తుందండీ?" అని సూటిగా అడగండి. బాండ్ ఉందా, నోటీస్ పీరియడ్ 90 రోజులా, ఆఫీసుకి వారానికెన్ని రోజులు రావాలి, ఇవీ అడగండి. ఇల్లు బాచుపల్లిలో, ఆఫీసు నానక్‌రామ్‌గూడలో ఉన్నవాడికి ఆఖరిది జీతమంత ముఖ్యం. క్యాంటీన్ గురించి అడిగినా తప్పులేదు. ఒకబ్బాయి అడిగితే సాంబారు మీద మాలో మేమే కాసేపు పోట్లాడుకున్నాం. "మీ కంపెనీ ఏం చేస్తుంది సార్?" అని మాత్రం అడక్కండి. కొన్నాళ్ళుగా మాకూ అదే అనుమానం.

చివర్లో "మెయిల్ చేస్తాం" అంటాం. ఆ మాటకి గడువుండదు. ఏ తారీఖులోగా వస్తుందో, రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో అడిగి, ఆ నంబరు మా ఎదురుగానే రాసుకుని అప్పుడు లేవండి.