డేగల లెక్కకు టీకాతాత్పర్యములు

మూలము: ఫర్హాబాదు గుట్ట. కార్తికము. ఉ. 9–10. ఈశాన్యపు గాలి. పిల్లిగద్దలు 2. పోల్చలేనిది 1.

అవతారిక: శరత్తున ఉత్తరదేశములనుండి దిగివచ్చు డేగలను, గద్దలను లెక్కించుటకై, నిన్నమొన్నటిదాక పాలమూరు జిల్లాయై నేడు నాగర్‌కర్నూలు జిల్లాయైన అమ్రాబాదు అడవిలో కొండకొమ్మెక్కి, దుర్భిణి కన్నుల కానించి, మెడ పట్టుకొనిపోవుదాక మింటిని చూచు నొక గణకుడు తన నోటుబుక్కున వ్రాసికొన్న యీ సూత్రమును బాలబోధార్థము వ్యాఖ్యానించుచున్నాము.

టీక: ఫర్హాబాదు గుట్ట = నిజాము ప్రభువు వేటకై విడిసిన కొండ; ఈశాన్యపు గాలి = నైరృతికి పోవు పక్షిని వెన్నుతట్టునది, గణకునకు జలుబు చేయించునది; పిల్లిగద్దలు = కజకస్తాను గడ్డిబయళ్ళ వేసవి గడపి, దక్కనుకు వచ్చి, జొన్నచేలపై బారెడెత్తున తేలియాడుచు మిడతలను, చిన్నపిట్టలను పట్టి జీవించునవి; 2 = రెండు. మూడను పాఠాంతరము కలదు కాని, అది సద్దిమూట మోయవచ్చిన బావమఱదిది కావున ప్రమాణము కాదు.

తాత్పర్యము: గంటకు పక్షులు మూడు.

విశేషములు: ఇంత శ్రమకు ఇంతేనా యని పూర్వపక్షము. పెన్సిల్వేనియాలో, 1934లో రోసలీ ఎడ్జ్ అను నామె వేటకాండ్ర తుపాకులనుండి తప్పించిన హాక్ మౌంటెన్ మీద, బారుగా సాగిన కొండవరుసకు తగిలి గాలి పైకి లేవగా, ఆ గాలిపై రెక్కలాడింపకయే డేగలు తీర్థమునకు పోవు జనమువలె వరుసగా సాగును గావున అచటి గణకునకు చేతినిండ పని. మన నల్లమలయో వానిని ఒక్క దారికి తేజాలదు, దక్కను పీఠభూమి యంతయు వానికి దారియే. అందుచేత పిల్లిగద్దల లెక్క తెలిసినవారు కొండ నెక్కక, కర్నూలు సీమలోని రోళ్ళపాడు వంటి గడ్డిబీళ్ళ అంచున సందెవేళ కూర్చొని, అవి గుంపుగా నేలపై గడ్డిలో నిద్రకు దిగునప్పుడు లెక్కింతురు. మా మతమును ఇదియే. గణకునకు గుట్టపై గాలియందే మక్కువ.

శ్రీశైలము దారిని యాత్రికులు పాఱవైచిన పులిహోర విస్తళ్ళపై చుట్టు ఊరిగద్దల నితడు లెక్కింపలేదు. దక్షిణమునకు దాటిపోయినదే లెక్క, వెనుకకు మరలినది తీసివేత యని గణకుల నియమము.

ఇక 'పోల్చలేనిది'. అది అమూరు డేగ యని యొక వ్యాఖ్యాత పట్టుదల: నాగాలాండులోని దోయాంగు జలాశయము చెంత లక్షలుగా దిగి, అటుపై ద్వీపకల్పమును, అరేబియా సముద్రమును దాటి అది ఆఫ్రికా చేరుననుట, 2013లో కొన్నిటి వీపున ఉపగ్రహయంత్రము కట్టి విడువగా రుజువైనది గదా, మన మింటిమీదుగానే పోయి యుండవలెనట. కావచ్చును. కాని మూలమున లేనిది వ్రాయనని ప్రతినబూనిన కోలాచల మల్లినాథసూరి మన తెలంగాణమువాడే. ఆ ప్రతిన చదివెనో లేదో కాని, గణకుడు చుక్కంత కనబడి మబ్బున దూరినదానికి పేరు పెట్టక, ఒకటి వేసి ఊరకుండెను. మేమును దానికి టీక వ్రాయము.