అమ్మాయి ఏం చేస్తుందండీ?

చెన్నై చూలైలో ఆడపిల్ల వీధిలో పరుగెత్తాలంటే కారణం కావాలి. బస్సు తప్పిపోతోందన్నా, కుక్క వెంటపడిందన్నా ఎవరూ ఏమీ అనరు. బంతి చంకలో పెట్టుకుని, అడ్డొచ్చినవాళ్లను తోసుకుంటూ గీత దాటడానికి అంటే మాత్రం ఇంటికి కబురు వెళుతుంది. పక్కనే పెరియమేట్‌లో నెహ్రూ స్టేడియం ఉంది. మనవాళ్లకు అది దారి చెప్పడానికి భలే పనికొస్తుంది.

మనింటి పిల్ల రగ్బీ సెవెన్స్‌లో దేశానికి ఆడిందనే అనుకోండి. జట్టుకు ఏడుగురు, ఏడేసి నిమిషాల రెండు సగాలు, మధ్యలో రెండు నిమిషాల ఊపిరి. పెళ్లిచూపులవాళ్లు కాఫీ చల్లార్చుకునేలోగా మ్యాచ్ అయిపోతుంది. ప్రశ్నలే అవవు.

"అమ్మాయి ఏం చేస్తుందండీ?"

"ఇండియాకి రగ్బీ ఆడుతుందండీ."

"చాలా సంతోషం. మరి ఏం చేస్తుంది?"

వాళ్లననేం లాభం? ఢిల్లీదీ ఇదే తంతు. 2016లో ఒలింపిక్స్‌కెక్కిన ఆట, కేంద్ర ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాకెక్కింది 2020లో. 43 ఆటల జాబితాను 63 చేసినప్పుడు తాడులాగుడుతో పాటు దీన్నీ లోపలికి లాగారు. (తాడు లాగేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఎటు లాగాలో వాళ్లకు తెలుసు.)

2023లో హాంగ్‌ఝౌ ఏషియాడ్‌లో మనమ్మాయిలు హాంకాంగ్ చేతిలో 38-0, జపాన్ చేతిలో 45-0తో ఓడారు. "పరువు తీశారు" అనే పెద్దమనుషులకు కొదవలేదు. 2019 జూన్‌లో మనీలాలో, పదిహేను మంది ఆటలో, సింగపూర్‌ను 21-19తో ఓడించి తొలి అంతర్జాతీయ గెలుపు తెచ్చినప్పుడు వీళ్లంతా ఏమయ్యారు? పాపం, క్రికెట్ ప్రపంచ కప్‌తో తీరిక లేకపోయింది.

డబ్బు లేదంటారా? 1878లో కలకత్తా రగ్బీ క్లబ్బు మూతపడుతూ, మిగిలిన వెండి రూపాయలు కరిగించి, నాగుపాముల పిడులూ మూత మీద ఏనుగూ ఉన్న కప్పు చేయించి ఇంగ్లండుకు ఇచ్చేసింది. దానికోసం ఇంగ్లండూ స్కాట్లండూ నేటికీ కుమ్ముకుంటున్నాయి. మొన్న 2025లో, రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ పేరుతో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది. అందులోనూ సెవెన్సే. ఆరు ఊళ్లు, ఆరు మగ జట్లు, విదేశాల నుంచి దింపిన వస్తాదులు. కప్పు మన చెన్నై బుల్స్‌దే. ఎద్దులకు జట్టు దొరికింది, ఆడపిల్లలు ఆగాలి.

అమెరికా ఏమైనా మేలా? 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో స్పిఫ్ సెడ్రిక్ ఆఖరి క్షణంలో మైదానం పొడవునా పరుగెత్తి కంచు పతకం తెచ్చాకే, మిషెల్ కాంగ్ అనే సంపన్నురాలు ఆ మహిళల జట్టుకు 40 లక్షల డాలర్లు ప్రకటించింది. ముందు పతకం, తర్వాత పైసలు. కాకపోతే ఆవిడ ఇచ్చింది డబ్బు.

మనం ఇచ్చేది ఫ్లెక్సీ. చూలై పిల్ల పతకం తెస్తే తెల్లారేసరికి వీధి మలుపులో వెలుస్తుంది. నిలువెత్తున నాయకుడు, చుట్టూ నమస్కారాలు పెడుతున్న అనుచరులు, కింద మూల స్టాంపు సైజులో ఆ పిల్ల. ఆమె చేతిలో గుండ్రటి ఫుట్‌బాల్.