మాయామాళవగౌళ మాస్టారు

గుమ్మం ముందు పిల్లల చెప్పులు గుట్టగా పడి ఉంటే అది ఆయన ఇల్లే. ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు, సంగీతం మాస్టారు. చిన్నప్పుడు రేడియోలో భక్తిరంజని వస్తుంటే నోట్లో పళ్లపొడితో అలాగే నిలబడిపోయిన మనిషి. ఇంట్లోవాళ్లు బ్యాంకు పరీక్ష రాయమంటే విజయనగరం బండెక్కి మహారాజా సంగీత కళాశాలలో చేరిన మనిషి.

1919లో పెట్టిన ఆ కళాశాలకు మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు. విద్యార్థిగా చేరదామని వెళ్లిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని ఏకంగా వయొలిన్ ఆచార్యుడిగా వేసుకున్నారని చెప్పుకుంటారు. మన మాస్టారు ఈ కథ శిష్యులకు నెలకోసారైనా వినిపిస్తారు. తనను మాత్రం విద్యార్థిగానే చేర్చుకున్నారన్న వెలితి అందులో లీలగా పలుకుతుంది.

ఆయన ప్రాణం ఎనిమిదో మేళకర్త తోడిలో ఉంది. బతుకంతా పదిహేనోదానిలో గడుస్తోంది. సరళీలు, జంటలు, అలంకారాలు అన్నీ మాయామాళవగౌళలోనే. పురందరదాసు పెట్టిన దారి అంటారు, కాదనడానికి లేదు. "పూర్వాంగంలో స్వరాల మధ్య ఎడం ఎంతో, ఉత్తరాంగంలోనూ అంతే. పసిగొంతుకు ఇట్టే పట్టుబడుతుంది" అని ఆయనే చెబుతారు.

పట్టుబడదు.

శుద్ధ రిషభం దగ్గరికొచ్చేసరికి పదిమంది పది చోట్ల దిగుతారు. మాస్టారు గట్టిగా కళ్లు మూసుకుంటారు. అది తన్మయత్వమనుకుని గుమ్మంలో తల్లులు చేతులు జోడిస్తారు. చేరిన మూడోవారానికే ఓ తల్లి అడుగుతుంది: "మాస్టారూ, మా బుజ్జిని 'పాడుతా తీయగా'కి ఎప్పుడు పంపొచ్చండీ?" "ముందు జంటల్లోకి పంపుదామమ్మా" అంటారాయన, తాళం ఆపకుండానే.

లోపల పిండి రుబ్బుతుంటే గ్రైండరు ఆపమని భార్యను అడిగే ధైర్యం ఆయనకు లేదు. ఓ క్షణం చెవొగ్గి, శ్రుతిపెట్టెనే దానికి సరిపెట్టుకుంటారు.

ఇప్పుడు అమెరికా శిష్యులూ ఉన్నారు. వేసవిలో డాలస్‌లో సాయంత్రం ఏడంటే ఇక్కడ తెల్లవారి ఐదున్నర. పైన పట్టుకండువా, కింద లుంగీ; కెమెరాకు కండువా చాలు. చిక్కంతా ఆదితాళంతోనే. ఇక్కడ వేసిన దెబ్బ అక్కడికి ఆలస్యంగా చేరుతుంది, పిల్ల పాట ఇక్కడికి ఇంకా ఆలస్యంగా వస్తుంది. కలిసి పాడితే ఇద్దరూ తప్పినట్టే. అందుకని ఆయన ముందు పాడి మైకు ఆపేస్తారు, పిల్ల తన తాళం తనే వేసుకుని పాడుతుంది. పిల్ల పాడుతున్నంతసేపూ ఆయన కాఫీ తాగొచ్చు. నేరుగా చెప్పే పాఠంలో ఈ సుఖం లేదు.

పుష్యమాసంలో త్యాగరాజ ఆరాధన దగ్గరపడితే పంచరత్నాలు చెప్పాలి. నాట, గౌళ, ఆరభి ఉత్సాహంగా నడుస్తాయి. నాలుగోది వరాళి. గురువు నేరుగా వరాళి చెబితే గురుశిష్యులకు చెడుతుందని పాత నమ్మకం. మాస్టారు బాలమురళీకృష్ణగారి రికార్డు పెట్టి, వినండర్రా అని పెరట్లోకి వెళ్లిపోతారు. ఎంతటి ప్రియశిష్యుడు బతిమాలినా ఇదే పద్ధతి.

ఆర్నెల్లుగా ఫీజివ్వని ఒకడికి మాత్రం, "నాయనా, రేపట్నుంచి వరాళి ఎత్తుకుందామా? నేనే కూర్చుని చెబుతా" అన్నారట.