ఎఫ్ వన్ కొట్టు డాడీ

మీరు నవ్వరనుకునే చెబుతున్నా. కొత్త వస్తువు ఇంటికొస్తే నేను ముందు వస్తువును చూడను. అట్టపెట్టె అడుగున చేయి పెట్టి పుస్తకం ఉందా లేదా అని తడుముతాను. మిక్సీ అయినా అంతే, ఫ్యాన్ అయినా అంతే. కళ్లద్దాలు పెట్టుకుని, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, "ఆగండి, ఎవ్వరూ ముట్టొద్దు, నేను చదివి చెప్తా" అంటే ఆ గంటసేపు ఇంట్లో నేనే హెడ్మాస్టర్ని. బడిలో ఆ కుర్చీ నాకెన్నడూ దక్కలేదు లెండి.

మా కోస్గిలో భజనకు కూర్చునేవాళ్లకు హార్మోనియం అంటే ఉత్త "పెట్టె". పెట్టె వాయించేటోడు, పెట్టె మోసేటోడు, అంతే. దానికి పుస్తకం ఉండదు. యూరప్‌లో కాళ్లతో తొక్కి వాయించే వాద్యాన్ని కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేల మీద కూర్చుని ఒక చేత్తో గాలి కొట్టే పెట్టెగా మార్చినప్పటి నుంచి ఇవాళ్టి దాకా, పెద్దాయన పక్కన కూర్చోవడం, తప్పు మెట్టు నొక్కితే వేళ్ల మీద ఒకటి తినడం, ఇదే దాని మాన్యువల్. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా ఈ పెట్టెను గడప తొక్కనివ్వలేదు. మా దిక్కు భజనలు మాత్రం ఎవర్నీ అడగలేదు, ఎవరి కోసమూ ఆగలేదు.

నేను ఆ దెబ్బలు తినలేదు. అందుకే కీబోర్డు కొన్నాను. పుస్తకం చూసి నేర్చుకుంటానని, నేర్చుకున్నాక భజన మండలి నన్ను చూసి నోరు తెరుస్తుందని ఆశ.

కీబోర్డు అట్టపెట్టె విప్పితే అందులో పుస్తకం లేదు! మడతలు పెట్టిన ఒక కాగితం ఉంది. కరెంటుతో జాగ్రత్త, నీళ్లతో జాగ్రత్త అని లోకంలో ఉన్న భాషలన్నిట్లో రాశారు, తెలుగు తప్ప. మూలన నల్ల చుక్కల చదరం ఒకటి. పూర్తి పుస్తకం కావాలంటే దాన్ని ఫోన్‌తో చూసుకోవాలట. నేను ఎర్ర పెన్ను జేబులో పెట్టేసుకున్నాను. మా బిడ్డ ఇంటర్ చదువుతుంది, అప్పటికే చదరాన్ని ఫోన్‌కు చూపించి, "వచ్చింది డాడీ, పీడీఎఫ్" అన్నది. అంటే అప్పటిదాకా నా చేతిలో ఉన్న అధికారం ఆమె చేతికి పోయిందన్నమాట.

ఫోన్‌లో చదవడానికి నేను ప్రయత్నించకపోలేదు. బొమ్మ ఒక పేజీలో, బొమ్మలోని అంకెలకు అర్థం ఇంకో పేజీలో. కాగితమైతే ఒక వేలు ఇక్కడ, ఒక వేలు అక్కడ పెట్టి పని కానిస్తాం. ఫోన్‌లో వేలు పెడితే పేజీ పెద్దదవుతుంది, తీస్తే ఎగిరిపోతుంది, 21వ నంబరు బటన్ ఏమిటో తెలిసేసరికి నేను స్పానిష్ భాషలో ఉంటాను.

చివరికి బస్టాండు దగ్గర జిరాక్స్ షాపుకు పోయి మొత్తం ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాను. షాపు పిల్లగాడు కట్ట బరువు చూసి, "ఏ పరీక్షకు సార్?" అన్నాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. "గ్రూప్ టూ" అన్నాను. "ఆల్ ది బెస్ట్ సార్" అన్నాడు. ఎన్నేళ్లకో నా మీద ఎవరికో ఆశ పుట్టింది.

బైండింగ్ డబ్బుల లెక్క విని మా ఆవిడ ఏమీ అనలేదు. అది ఇంకా కష్టం.

ఇక ఆ శనివారం భజన. కీబోర్డు ముందు కూర్చుని రెండు పాటలకు సాయం పట్టాను, బాగానే కుదిరింది. కుదిరిందంటే నాకు ఆగదు. పాటకు పాటకు మధ్య మైకు అందుకుని, హార్మోనియానికీ కీబోర్డుకూ తేడా ఏమిటో సభకు వివరించాను. 1983లో మిడి అనే ఒప్పందం వచ్చిందని, దాంతో ఒక కంపెనీ వాద్యం ఇంకో కంపెనీ వాద్యంతో మాట్లాడగలిగిందని, అలాంటి ఒప్పందం భార్యాభర్తల మధ్య ఇంకా కుదరలేదని ఒక జోకు కూడా వేశాను. ఎవరూ నవ్వలేదు. అరగంట దాటిందని తర్వాత తెలిసింది. మాట ముగించి దర్జాగా మెట్టు మీద వేలు వేస్తే చప్పుడు లేదు. ఇంకో మెట్టు వేశాను. లేదు. లైట్లన్నీ ఆరిపోయాయి.

"కరెంటు," అన్నాను గంభీరంగా. నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది.

ఆడవాళ్ల వరుసలోంచి మా ఆవిడ గొంతు: "కరెంటు గాదు సారూ, మీ మాటలకు దానిక్కూడ నిద్రొచ్చింది."

ఆ రోజు భజనలో అందరూ కలిసి నవ్వింది దీనికే.

ఇంటికొచ్చాక బిడ్డ ఫోన్‌లో ఏదో ఒక మాట కొట్టింది. కన్ను మూసి తెరిచేలోగా పేజీ దొరికింది. ఇలాంటి కీబోర్డుల్లో చాలావాటికి, ముప్పై నిమిషాలు ఎవరూ ముట్టకపోతే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉంటుందట. అది వద్దనుకుంటే, ఎడమ చివరి మెట్టు నొక్కి పట్టుకుని స్విచ్ వేయాలి. నేను వెంటనే లేచి, అలాంటిదేదో నేనూ చదివానంటూ, చివరి మెట్టు గట్టిగా నొక్కి స్విచ్ మీదికి చేయి చాపాను. బిడ్డ నా మణికట్టు పట్టుకుంది. నేను నొక్కింది కుడి చివరిది. అది పట్టుకుని స్విచ్ వేస్తే లోపల దాచుకున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయట. మా ఆవిడ బతుకమ్మ పాట కూడా అందులోనే ఉంది. "నీ పుస్తకంల గూడ ఉంది డాడీ" అని స్పైరల్ కట్ట తెరిచి చూపించింది. ఉంది. కింద గీత కూడా ఉంది. ఎర్ర పెన్నుతో, నా చేత్తోనే.

మీ ఇంట్లో కొడుకు ఉన్నాడా? అయితే ఇది కూడా మీకు జరిగే ఉంటుంది. మావాడు డీజే పాటలు చేస్తాడు. పోలేపల్లి ఎల్లమ్మ జాతరప్పుడు ట్రాక్టరు మీద డబ్బాలు పెట్టి వాయిస్తారే, గుండెలు అదిరేవి, అవి. ఎఫ్ఎల్ స్టూడియో అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో చేస్తాడు. "దీనికి పుస్తకం ఏదిరా?" అన్నాను. "ఎఫ్ వన్ కొట్టు డాడీ, వస్తది" అన్నాడు చెవుల్లోంచి డబ్బాలు తీయకుండానే. కొట్టాను. పుస్తకం రాలేదు, పాట ఆగిపోయింది. ఆ ల్యాప్‌టాప్‌లో ఎఫ్ వన్ అంటే నోరు మూయమని అర్థమట. పక్కన ఇంకేదో మెట్టు కలిపి నొక్కాలట. వాడు ఆ చెవుల డబ్బాలు తీసి నన్ను చూసిన చూపు నేను బడిలో పిల్లల్ని చూసే చూపే.

పోనీ ఒక విషయంలోనైనా వాణ్ని పట్టుకుందామని, నడిమి షడ్జమం లాంటి ఆ తెల్ల మెట్టును చూపించి, "దీని పేరేంది?" అన్నాను. "సీ ఫైవ్" అన్నాడు. "తప్పు, సీ త్రీ" అని కట్ట తెరిచి చూపించాను. ఇద్దరం నిజమే చెప్పాం, అదీ తమాషా. అదే మెట్టును యమహా వాళ్లు సీ త్రీ అంటారు, రోలాండ్ వాళ్లు సీ ఫోర్ అంటారు, వాడి స్క్రీన్ మీద సీ ఫైవ్. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఆ మెట్టు నొక్కి, "సా" అని వెళ్లిపోయింది.

అన్నాల దగ్గర నేను ఆఖరి అస్త్రం తీశాను. వాడి సాఫ్ట్‌వేర్‌లో అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ నిన్న ఉన్న బటన్ ఇవాళ ఉండదు, పుస్తకం ఒకటి చెబితే తెర ఇంకోటి చూపిస్తుంది. అచ్చు పుస్తకం అలా మోసం చేయదన్నాను. "మన ఫ్యాను వారంటీ కార్డు మీద కోస్గి, మహబూబ్‌నగర్ జిల్లా అనే ఉంది గద డాడీ" అన్నది బిడ్డ. ఊరు అంగుళం కదలకుండానే 2019లో నారాయణపేట జిల్లా అయింది. అచ్చుకు ఆ సంగతి ఇంకా తెలియదు.

అయినా తగ్గలేదు. సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని సంగతి ఎత్తాను. 1904లో, ఎక్కడో తమిళనాట ఎట్టయపురంలో, తెలుగు లిపిలో, గమకాలకు వేరే గుర్తులు పెట్టి మరీ అచ్చు వేశారు. స్వరం ఎక్కడ ఊగాలో, ఎక్కడ జారాలో కాగితం మీద చూపించిన పుస్తకం. "నూట ఇరవై ఏళ్లయింది, ఇప్పటికీ విద్వాంసులు అదే తెరుస్తారు. దాన్ని మించిన మాన్యువల్ ఏదిరా?" అని గొంతు పెంచాను. ఎవరూ మాట్లాడలేదు. గెలిచానన్న ధీమాతో ఇంకో ముద్ద కలిపాను. అంతలో బిడ్డ ఫోన్ నా కంచం పక్కన పెట్టింది. ప్రదర్శిని. స్కాను చేసిన పేజీలు, గమకాల గుర్తులతో సహా. "మంచిగుంది డాడీ. నీ దగ్గర ఉందా ఈ పుస్తకం?"

నా దగ్గర లేదు. నేను దాన్ని చూడటం అదే మొదటిసారి.

ఒక్క ఓదార్పు మిగిలింది, అది కూడా మిడి పుట్టిన ఏడాదిదే. 1983లో యమహా డీఎక్స్ సెవెన్ అని ఒక కీబోర్డు తెచ్చింది. లోపల శబ్దం పుట్టించే ఆరు ఆపరేటర్లు, వాటిని కలపడానికి 32 పద్ధతులు. పుస్తకం ఇచ్చారు, కానీ సొంతంగా శబ్దం తయారు చేయడం ఎంత చిక్కంటే, చాలామంది అందులో ముందే ఉన్న శబ్దాలనే వాయించి పేరు తెచ్చుకున్నారు. అంతటి వాళ్లే పుస్తకం జోలికి పోలేదు. ఈ మాట మా ఆవిడతో అంటే, "వాళ్లు వాయించిన్రు గద" అన్నది.

మొన్న దసరాకు ఆయుధ పూజ. మా ఆవిడ స్కూటీకి, కత్తిపీటకు, నా ఎర్ర పెన్నుకు పసుపు కుంకుమ పెట్టింది. తర్వాత కీబోర్డు మీద అగరబత్తీల స్టాండు పెట్టి అగ్గిపుల్ల గీయబోయింది. ఇన్నాళ్లకు నా రోజు వచ్చింది! కట్ట అందుకుని, కళ్లద్దాలు సర్దుకుని, జాగ్రత్తల పేజీ తీసి, వాద్యం మీద వెలిగించినవి ఏవీ పెట్టరాదని స్పష్టంగా రాసి ఉందని చదివి వినిపించాను. గుర్తు పెట్టుకోండి, ఈసారి పేజీ తప్పలేదు.

"నిజమేనా?" అన్నది బిడ్డవైపు చూసి. బిడ్డ ఫోన్‌లో చూసి తలూపింది.

మా ఆవిడ నా చేతిలోంచి కట్ట తీసుకుంది. స్టూలు మీద పెట్టి, అట్టకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దాని మీద స్టాండు నిలబెట్టి అగరబత్తి వెలిగించింది. "కీబోర్డు మీద పెట్టలేదు గద సారూ. ఇగ కొబ్బరికాయ కొట్టండి."

కొట్టాను.