పొరల కొయ్య ఆత్మకథ

వేట తుపాకీలో ఇనుప గొట్టాన్నీ, తూటాను లోనికి తోసి పేల్చే యంత్రభాగాన్నీ మోస్తూ, వెనుక కొసన వేటగాని భుజానికి ఆనే చెక్క భాగమంతటినీ తుపాకీ కొయ్య అనవచ్చు. మడమ అన్నది దాని చివరి భాగం మాత్రమే. ఇక్కడ తన చరిత్రను తానే చెప్పుకొంటున్నది అటువంటి కొయ్యల్లో ఒకటి. అయితే అది ఒకే దుంగ నుండి చెక్కి తీసినది కాదు. పలుచని చెక్క పొరలను జిగురుతో అతికించి చేసే లామినేటెడ్ జాతికి చెందినది. మేలుజాతి కాని కలప కూడా కూర్పు బలంతో నిలకడ సంపాదించగలదని చెప్పడమే ఈ చరిత్రకు ప్రయోజనం.

వంశక్రమం చెప్పుకోవలసి వస్తే ఈ కొయ్య ముందుగా తలచుకోవలసింది తన జాతి కాని వాల్‌నట్‌ను, అంటే అక్రోటు కలపను. మరీ బరువు లేక, దెబ్బకు చీలక, సన్నని చెక్కుడు పనికి లొంగి, మెరుగు పెట్టినకొద్దీ చారలు తేలే ఆ కలప శతాబ్దాల పాటు తుపాకుల తయారీలో పెద్దపీట వేయించుకొన్నది. కాని ఆ చెట్టు చేవదేరడానికి దశాబ్దాలు పడుతుంది, కోసిన చెక్క నిదానంగా ఆరాలి, ఆరిన దానిలోనూ ముడులు, పగుళ్లు ఉన్న ముక్కలను ఏరివేయాలి. లక్షల సంఖ్యలో సైనిక తుపాకులు కావలసివచ్చిన జర్మనీ 1930ల చివరి సంవత్సరాల్లో మౌజర్ కరబైనర్ 98కె తుపాకీకి వాల్‌నట్ బదులు బీచ్ అనే చెట్టు చెక్క పొరలను ఫీనాలిక్ రెజిన్ అనే కృత్రిమ జిగురుతో అతికించిన కొయ్యలను అమర్చసాగింది. వాటికి బరువు పెరిగింది గాని, వంకరపోయే గుణం తగ్గింది. తరువాతి కాలపు వేట తుపాకులు అందుకొన్నది ఈ లాభాన్నే.

ఈ కొయ్యకు మూలమైన దిమ్మ అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, రట్లండ్ పట్టణపు ప్లైవుడ్ కార్ఖానాలో తయారైంది. దాని కలప బర్చ్. భూర్జపత్రాలనిచ్చే హిమాలయ వృక్షానికి ఉత్తర అమెరికాలోని జ్ఞాతి. మెత్తబరచిన దుంగను లేత్‌పై తిప్పుతూ పొడవాటి కత్తికి ఆనిస్తే సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందాన పొర తెగకుండా ఊడివస్తుంది. ఆ పొరలను ఆరబెట్టి, ఒత్తిడితో రంగును లోపలిదాకా ఎక్కించి, బూడిద రంగు పొర తరువాత గోధుమ రంగు పొర వచ్చేలా పేర్చి, జిగురు పూసి అదిమితే దిమ్మ సిద్ధమవుతుంది. సాధారణ ప్లైవుడ్‌లో ఒక పొర నారలు మరొక పొర నారలకు అడ్డంగా ఉంటాయి. తుపాకీ కొయ్యలో మాత్రం బలమంతా నిడివి వెంట కావాలి గనుక నారలన్నీ సాధారణంగా ఒకే దిశలో సాగుతాయి. యంత్రం దిమ్మను చెక్కి, ఉప్పుకాగితంతో నున్నచేసిన తరువాత, చెయ్యి పట్టే వంపు దగ్గర పొరల అంచులు సాగదీసిన అండాకారపు గీతలుగా ఒకదానిలో ఒకటి ఒదిగి కనిపిస్తాయి. రంగు లోతుగా దిగినందున గీత పడ్డ చోట కూడా తెల్లచెక్క బయటపడదు.

పచ్చి కలప పూర్తిగా ఎండేసరికి పసుపు బర్చ్ అడ్డుదిశలో, వార్షిక వలయాల వెంబడి, సుమారు 9.5 శాతం కుదించుకుపోతుంది. నల్ల వాల్‌నట్‌లో అది 7.8 శాతమే. అంటే కలపగా చూస్తే బర్చ్‌దే చంచల స్వభావం. అయినా పొరల కూర్పులో ఒక పొర మెలి తిరగబోతే పక్క పొర దానిని అడ్డుకుంటుంది, ఒక ముడి ఒక పొర మందానికే పరిమితమవుతుంది, జిగురు గీతలు తేమ నడకను మందగింపజేస్తాయి. చెక్క ఊరడం దీనివల్ల పూర్తిగా ఆగదు. ఒకవైపుకు వంగడం, మెలిపడడం మాత్రం బాగా తగ్గుతాయి.

ఈ గుణానికి పరీక్ష అలాస్కా ఆగ్నేయ తీరంలో ఎదురైంది. ఏటా 3,500 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసే కెచికాన్ పరిసర దీవుల్లో, సిట్కా నల్లతోక జింకల వేటకు వెళ్లే ఒక వ్యక్తి ఈ కొయ్యను తుప్పు సులభంగా పట్టని స్టెయిన్‌లెస్ ఉక్కు తుపాకీకి బిగించాడు. వానాకాలంలో తలుపు ఊరి చట్రానికి పట్టేసినట్లు, తడిసిన కొయ్య ముందుభాగం వంగి గొట్టాన్ని ఒకవైపు నొక్కితే తూటా తగిలే చోటు మారిపోతుంది. గురిలో డిగ్రీలో అరవయ్యో వంతు తేడా వచ్చినా వంద మీటర్ల దూరంలో అది దాదాపు 2.9 సెంటీమీటర్లవుతుంది. అందుకే గొట్టానికీ కొయ్యకూ మధ్య సన్నని ఖాళీ వదులుతారు. యజమాని ప్రతి వేటకు ముందూ ఒక డాలరు నోటును ఆ సందులో దూర్చి, అది అడ్డు లేకుండా యంత్రభాగం దాకా జారుతున్నదో లేదో చూసుకొనేవాడు; వానల తరువాత కూడా అది జారేది.

ఈ కొయ్యకు లోపాలు లేవని కాదు. వాల్‌నట్ కన్నా ఇది బరువు. ఆ బరువు పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే జోరును కొంత తగ్గించినా, కొండ ఎక్కేవారి భుజానికి మాత్రం భారమే. అచ్చుపోసిన ప్లాస్టిక్ కొయ్యలు ఇంతకన్నా చౌక, తేలిక. పైగా ఒకసారి భుజపట్టీ తగిలించే మేకు కోసం యజమాని కొత్త రంధ్రం తొలిచి, లోపల పూత వేయడం మరచిపోగా, నీరు దిగి ఆ చుట్టూ వార్నిష్ తెల్లబారి ఉబ్బింది, రెండు పొరల మధ్య వెంట్రుకవాసి చీలిక కనిపించింది. చెక్కను వారాలపాటు ఆరనిచ్చి, చీలికలో ఎపాక్సీ జిగురు నింపి బిగించాక గాని అది చక్కబడలేదు.

రట్లండ్ కార్ఖానా 2014 ఆగస్టులో అగ్నికి ఆహుతైంది. ఆ విద్య మాత్రం ఇతర కర్మాగారాల్లో సాగుతున్నది. కనుక ఈ కొయ్య తన జాతి గురించి ఇవ్వగల తీర్పు ఇది: రోజంతా ఎత్తుల్లో నడిచేవారికి తేలిక కొయ్య మేలు, చారల అందం కోరేవారికి వాల్‌నట్ మేలు, తడిలోనూ గురి మారకూడదనుకొనేవారికి పొరల కొయ్య మేలు, అయితే తొలిచిన ప్రతి రంధ్రానికీ, కోసిన ప్రతి అంచుకూ పూత వేసే ఓపిక ఉన్నవారికే ఆ మేలు దక్కుతుంది.