మైక్రాన్ మామ

మా చిన్న మామ చొక్కా జేబులో పెన్ను ఉండదు, వెర్నియర్ ఉంటుంది. పెన్ను ఎవరినడిగినా ఇస్తారు, వెర్నియర్ ఎవడిస్తాడు అని ఆయన వాదన. సబబైన వాదనే. కాకపోతే జేబులో ఉన్న వస్తువు ఊరికే ఉండదు. సంక్రాంతికి సకినాలు పెడితే తినే ముందు చుట్టు మందం కొలుస్తాడు. ఎవరింట్లో కొత్త తలుపు బిగించినా చౌకట్టుకూ రెక్కకూ మధ్య సందు కొలిచి, ఇంటివాళ్ల మొహాలు మాడ్చి వస్తాడు. నా పెళ్లిలో పుస్తెల పళ్లెం అందరి చేతులకూ తాకిస్తూ తిప్పుతుంటే మామ దగ్గర ఆగిపోయింది. పంతులు రెండుసార్లు కేకేశాడు. మామ తలెత్తలేదు.

"రెండు పుస్తెలకు ఇరవై మైక్రాన్ల తేడా ఉందిరా అల్లుడా. కంసాలి చూస్కోలే."

మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లుంటుంది. వెంట్రుకలో మూడోవంతు తేడా కోసం నా ముహూర్తం గాలిలో పెట్టాడు మహానుభావుడు.

ఈ తరహా మనుషులు మీకూ ఒకరిద్దరు తెలిసే ఉంటారు. బజార్లో దొరికే వస్తువు కొనరు, చేస్తారు. చేసింది బాగుండదా అంటే బ్రహ్మాండంగా ఉంటుంది. ఎప్పుడిస్తావు అని మాత్రం అడగకూడదు. మా మామ ఇనుము, అల్యూమినియం బాపతు. పాత బండ్లకు ఇంజన్ భాగాలు కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్ మీద కోసి ఇస్తాడు. హైదరాబాద్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో అయితే ఇది వింత కాదు. హుజూర్‌నగర్‌లో, మిర్యాలగూడ రోడ్డు మీద, రేకుల షెడ్డులో!

మామ బాలానగర్‌లో చాలా ఏళ్లు పని చేశాడు. అక్కడ సీఐటీడీ అని టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ ఉంది, 1968లో పెట్టారు. మామ మాట్లాడే తీరు వింటే అందులో ప్రొఫెసరుగా చేసి వచ్చాడేమో అనిపిస్తుంది. నిజానికి ఆయన పని చేసింది దగ్గర్లోని ఒక చిన్న షెడ్డులో. సీఐటీడీ గోడ పక్కన టీ తాగేవాడు. ఆ టీ మహిమేమో కానీ, చెయ్యి మాత్రం గొప్పగా కుదిరింది. ఊరికి తిరిగొచ్చి లేతు షాపు పెట్టాడు. ట్రాక్టరు బుష్షులు, రైసుమిల్లు షాఫ్టులు చేసుకుంటూ హాయిగా ఉండేవాడు. అప్పుడు అచ్చు వేయించిన బిల్లు పుస్తకం మీద "నల్లగొండ జిల్లా" అని ఉంటుంది. 2016లో మేం సూర్యాపేట జిల్లాలోకి వచ్చాం. పుస్తకం ఇంకా అదే. వాడితే కదా అయిపోవడానికి!

తర్వాత బాలానగర్‌లో మూతపడుతున్న ఒక షెడ్డు నుంచి సెకండ్‌హ్యాండ్ సీఎన్‌సీ మిషన్ కొన్నాడు. అత్తమ్మ మెడలో పుస్తెలతాడు తప్ప మిగతా బంగారమంతా బ్యాంకులో నిద్రపోయింది. లారీ మీద మిషన్ దిగిన రోజు వీధి వీధంతా వచ్చింది. క్రేనుకు అడ్డమని ఎదురింటి సజ్జ కొంచెం కొట్టేశారు, దాని గొడవ ఇప్పటికీ నడుస్తోంది. ఒక పెద్దాయన మిషన్ చుట్టూ తిరిగి చూసి, "గంటకు ఎన్ని బస్తాలు ఆడుతది?" అని అడిగాడు. సాగర్ ఎడమ కాలువ కింద వడ్లు తప్ప మరో లోకం లేని ఊరు మాది. పెద్ద మిషన్ అంటే రైసుమిల్లో, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీనో అయ్యుండాలి. బస్తాలు ఆడని మిషన్ మీద అంత డబ్బు పోసినందుకు ఆ పెద్దాయన ఇప్పటికీ మామను జాలిగానే పలకరిస్తాడు.

ఇక నా బండి సంగతి. నాన్న వాడిన యమహా ఆర్‌ఎక్స్ హండ్రెడ్ అది. 1985లో మన దేశంలో మొదలై 1996లో ఆగిపోయిన బండి. బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 50, మొత్తం 98 సీసీ. టూ స్ట్రోక్ కనుక హెడ్డులో వాల్వులూ గీల్వులూ ఉండవు. ఒక గుంత, మధ్యలో ప్లగ్గు బొక్క, పైన రెక్కలు, అంతే. ఆ హెడ్డు ప్లగ్గు మరలు పాడయ్యాయి. డూప్లికేటుది కొని బిగించుకుంటే సాయంత్రానికి రోడ్డు మీద ఉండేవాణ్ణి. మామ వినలేదు.

"డూప్లికేటా? గది పోత పోసింది, లోపలంతా గాలిబుడగలే. నేను దిమ్మలోంచి తొలుస్త. సిక్స్‌టీ సిక్స్‌టీ వన్. జర ఓపిక పట్టు."

సిక్స్‌టీ సిక్స్‌టీ వన్ అనేది అల్యూమినియంలో ఒక మేలు రకం. దాని దిమ్మ సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి వచ్చింది. మూడున్నర కిలోలు. అందులోంచి ఆరేడు వందల గ్రాముల హెడ్డు బయటికొస్తుంది, మిగతాదంతా చిప్సు. ఇనుములో మూడోవంతు బరువు, వేడిని తొందరగా బయటికి పంపుతుంది అని ఉపన్యాసం చెబుతూ, కొన్న సరుకులో నాలుగింట మూడు వంతులకు పైగా బురదా చేయడం ఈయన వృత్తిధర్మం. ఆ చిప్సు మామ చొక్కా మడతల్లో ఇంటికి వస్తాయి. పరుపు మీద, పిల్లల పుస్తకాల్లో, ఓసారి దోసెల పిండిలో. అత్తమ్మ కొంగు దులిపితే దీపావళి.

మిషన్‌తో మాట్లాడే భాష ఇంట్లో కూడా వాడతాడు. జీ00 అంటే గాలిలో ఉరుకు, జీ01 అంటే కోసుకుంటూ పో, ఎం08 అంటే కూలెంట్ వదులు, ఎం30 అంటే ప్రోగ్రాం అయిపోయింది, మొదటికి రా. అత్తమ్మకు అన్నీ వచ్చేశాయి. అన్నం వడ్డించి గంటసేపు కూచుని, "మీ బతుకుల ఎం30 ఎప్పుడొస్తదో" అంటుంది.

మొదటి హెడ్డు నిజానికి తొందరగానే అయింది. నేను సంతోషంగా స్పానర్లు పట్టుకుని పోయాను. మామ దాన్ని నల్లరాతి సర్ఫేస్ ప్లేటు మీద పెట్టి, డయల్ ముల్లు ఆనించి అటూ ఇటూ జరిపాడు. ముల్లు ఎనిమిది మైక్రాన్లు కదిలింది. మామ మొహం ఆసుపత్రి వరండాలో మనిషి మొహంలా అయిపోయింది. గాస్కెట్ వేస్తాం కదా మామా, ఎనిమిది మైక్రాన్లు ఏం లెక్క అన్నాను. ఆ మాటకు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ హెడ్డు ఇప్పుడు అత్తమ్మ పూజగదిలో ఉంది. రెక్కల మధ్య అగరుబత్తులు బాగా నిలబడుతున్నాయట.

రెండోదానికి కొలతలు బాగా కుదిరాయి. పరీక్ష నా కళ్ల ముందే చేశాడు. సోల్డరింగ్ తీగ ముక్కను ప్లగ్గు బొక్కలోంచి సిలిండరు గోడ తగిలేదాకా తోసి, కిక్కర్‌ను చేత్తో మెల్లగా నొక్కాడు. పిస్టన్ పైకొచ్చి తీగ కొసను హెడ్డుకేసి నలిపింది. బయటికి తీసి ఆ నలిగిన కొసను మైక్రోమీటరులో పెట్టాడు. పిస్టన్‌కూ హెడ్డు అంచుకూ మధ్య ఎంత సందుందో ఆ సీసపు ముక్క చెప్పేస్తుంది. ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటే ఇంజన్‌కు ఆరోగ్యం. మరీ తగ్గితే పిస్టన్ వెళ్లి హెడ్డుకు కొట్టుకుంటుంది. తర్వాత గుంత ఎన్ని సీసీలు పడుతుందో చూడాలి. గుంత అంచుకు గ్రీజు రాసి, బెజ్జమున్న అద్దం పలక మూసి, సిరంజితో కిరోసిన్ ఎక్కించాలి. సిరంజి కోసం మెడికల్ షాపుకు నన్నే పంపాడు. "ఎవరికి సూది?" అని షాపాయన అడిగాడు. యమహాకు అన్నాను. ఊళ్లో నా మీద ఒక అనుమానం అప్పుడే మొదలైంది.

అన్నీ సరిపోయాయి, ఇక బిగిద్దామంటే మామ అడ్డం పడ్డాడు. అది మే నెల. బయట నలభై నాలుగు డిగ్రీలు.

"ఇప్పుడు కొలిచింది లెక్కలోకి రాదురా. ఎండకు లోహం ఉబ్బి ఉంటది. లోకమంతా కొలత ఇరవై డిగ్రీల కాడనే."

ఇందులో అబద్ధం లేదు, అదే నా కర్మ. కొలతలకు ప్రపంచమంతా పెట్టుకున్న ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలే. నూరు మిల్లీమీటర్ల అల్యూమినియం 25 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 60 మైక్రాన్లు సాగుతుంది. కొలిచే మైక్రోమీటరు ఉక్కుది కనుక అదీ సాగుతుంది, అయితే అందులో సగమే. హుజూర్‌నగర్‌లో 20 డిగ్రీలు ఎప్పుడుంటుంది? జనవరిలో, తెల్లవారుజామున. కనుక జాన్‌పహాడ్ ఉర్సు నాటికి బండి ఇస్తానన్నాడు. వడదెబ్బ తగిలిన మనిషి కూడా సాయంత్రానికి లేచి కూచుంటాడు. నా హెడ్డు మాత్రం మే నుంచి జనవరి దాకా చల్లారాలి. ఏసీ పెట్టుకోవచ్చుగా అంటారా? అన్నాను. ఆ డబ్బుతో కొత్త బాల్‌నోస్ కట్టర్లు కొన్నాడు.

షెడ్డులో మట్టపల్లి నరసింహస్వామి పటం పక్కన కోటు వేసుకున్న ఒక తెల్లవాడి ఫోటో ఉంటుంది. అత్తమ్మ శుక్రవారం ఇద్దరికీ బొట్టు పెడుతుంది. ఆ తెల్లాయన చార్లీ టేలర్, రైట్ సోదరుల సైకిల్ షాపు మెకానిక్. 1903లో ఎగిరిన విమానానికి ఇంజన్ చేసింది ఆయనే. క్రాంక్‌కేసు అల్యూమినియంతో పోత పోయించి, ఒక లేతు, ఒక డ్రిల్లింగ్ మిషను, చేతి పనిముట్లతో మిగతాదంతా చేశాడు. పన్నెండు హార్స్‌పవర్. షాపుకొచ్చిన ప్రతి కుర్రాడికీ మామ ఈ కథ చెబుతాడు. చివర్న, "కంప్యూటర్ లేదు, సీఎన్‌సీ లేదు, చెయ్యి ఉండె" అని తన చెయ్యి చూపిస్తాడు. ఒక్క వివరం మాత్రం మింగేస్తాడు. నేను కనుక్కుని, షాపు నిండా జనం ఉన్నప్పుడు అడిగాను.

"మామా, ఆయన ఇంజన్ మొత్తం ఎన్ని రోజుల్లో చేసిండు?"

ఆరు వారాలు. మామ కాసేపు కూలెంట్ పైపు సర్దాడు. తర్వాత, "వాళ్ల ఊర్ల చలి ఉంటదిరా" అన్నాడు.

ఇంత చెప్పాక ఒక న్యాయం కూడా చెప్పాలి. ఒక యాసంగి కోతల్లో రాత్రి తొమ్మిదింటికి ఒక రైతు, కోతమిషన్ డ్రైవరు విరిగిన షాఫ్టు మోసుకొచ్చారు. పడమటి దిక్కున మబ్బు పట్టి ఉంది. పొలంలో వరి నిలబడి ఉంది. మామ 20 డిగ్రీల మాటెత్తలేదు. విరిగిన ముక్కలు రెండూ కలిపి పెట్టి కొలిచాడు, కాగితం మీద నాలుగు గీతలు గీశాడు, పాత లేతు మీద రాడ్డు ఎక్కించాడు. కీవే గాడి మాత్రం సీఎన్‌సీ మీద తీశాడు. తెల్లవారి నాలుగింటికి షాఫ్టు చేతిలో పెట్టి, "మూడు మైక్రాన్లు టైటున్నది, సుత్తితోని కొట్టకుర్రి" అని ఒక్కమాటన్నాడు. వాళ్లు డబ్బులెంత అంటే ఇనుము ఖరీదు చెప్పాడు. రాత్రంతా చేసిన పనికి లెక్క కట్టడం ఆయనకు తోచలేదు. అత్తమ్మ వెనకనుంచి వచ్చి మిగతాది వసూలు చేసింది. ఆమె లేకపోతే ఆ మిషన్ కూడా బంగారం వెనకే బ్యాంకుకు పోయేది.

ఆ రాత్రి తర్వాత నాకు సంగతి అర్థమైంది. మామ ఆలస్యం చేతకానితనం కాదు. వరి ఆగదు కనుక రైతు పని ఆగదు. పాత బండ్లు తెచ్చే కోదాడ కుర్రాళ్లు అడ్వాన్సు ఇస్తారు కనుక వాళ్ల పనికి తేదీ ఉంటుంది. అల్లుడు ఆగుతాడు, డబ్బులివ్వడు, ఇంటికొస్తే అత్తమ్మ చేతి టీ తాగి పోతాడు. వాడి పనికి తేదీ దేనికి? అందుకే ఎం30 నా ప్రోగ్రాం చివర్న మాత్రం రాదు. నా రెండో హెడ్డు ఏమైందనుకున్నారు? ఉర్సుకు పది రోజుల ముందు ఎవరో కుర్రాడు నగదు తెచ్చి, బండి బయట స్టాండు వేసి నిలబడ్డాడు. మామ దాన్ని వాడికి బిగించి పంపాడు. "నీకు ఇంకా మంచిది చేస్త" అని నాకు ధైర్యం చెప్పాడు. ఆ కుర్రాడి బండి చప్పుడు వినే భాగ్యం మాత్రం నాకు కలిగింది. గంట కొట్టినట్టు, ఎక్కడా తడబాటు లేదు. ఏడవాలో మెచ్చుకోవాలో తెలీలేదు.

జబ్బు కొంత నాకూ అంటింది. మామ ఏ పని చూపించినా "గోరు పెట్టి గీకు, ఆగుతదా?" అంటాడు. రెండు భాగాలు కలిసిన చోట గోరు తగలకుండా జారిపోతే పని పాసైనట్టు. ఆమధ్య షోరూములో కొత్త బండి ఇంజన్ మీద తెలియకుండానే గోరు పెట్టి గీకాను. రెండు చోట్ల ఆగింది. సేల్స్ కుర్రాడు ఈఎంఐ గురించి చెబుతూనే ఉన్నాడు, నాకేం వినపడలేదు. కొనకుండా వచ్చేశాను.

మా చుట్టుపక్కల ఆర్‌ఎక్స్ హండ్రెడ్ ఉన్నవాళ్లకు ఒక మనవి. హెడ్డు పోతే డూప్లికేటు కొనకండి, మా మామ దగ్గరికే పోండి. అంతకంటే మంచిది దొరకదు. చుట్టరికం మాత్రం కలపకండి. మామతో మాట్లాడి అడ్వాన్సు అత్తమ్మ చేతికివ్వండి. నల్లగొండ జిల్లా అని ఉన్న ఆ పాత పుస్తకం మీద ఆమె చేతే తేదీ వేయించి బిల్లు రాయించుకోండి. మామకు భయం ఉన్నది ఆ చేతిరాతకే.